క్రౌడ్ కంట్రోల్: ఏది లెక్కలోకి వస్తుంది, పార్టీతో ఎలా నడపాలి

ఆన్‌లైన్ ఆటలో డంజన్‌లో, అంటే పార్టీ కలిసి దిగే శత్రువుల స్థావరంలో, ఐదుగురూ చచ్చి పడితే మొదట వినిపించేది "హీల్ ఏదిరా?" అనే మాట. చాలాసార్లు లోపం ప్రాణం నింపే హీలర్ దగ్గర ఉండదు. నాలుగు మాబ్‌లు (ఆటే నడిపే శత్రువులు) ఒకేసారి ట్యాంక్ (దెబ్బలు తన మీదకు తీసుకునేవాడు) మీద పడ్డాయి. వాటిలో రెండింటిని ఆపగల స్పెల్స్ పార్టీలో ఉన్నాయి, ఎవరూ వాడలేదు. షూటర్ ఆటల నుంచి వచ్చినవాళ్లకు ఇది ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ శత్రువును ఆపడమంటే చంపడమే. ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో చంపకుండా ఆపడం విడిగా నేర్చుకోవాల్సిన పని. దాన్నే క్రౌడ్ కంట్రోల్ అంటారు, వాయిస్‌లో అయితే సీసీ.

విజయవాడ, గుంటూరుల నుంచి నలుగురైదుగురు కలిసి ఆడే పార్టీలను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాం. అంకెలు ఎక్కువగా వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ 60వ లెవెల్‌వి. సీసీ పాఠాలు అన్నిటికంటే తేటగా కనిపించేది ఆ ఆటలోనే. మిగతా ఆటల్లో ఏది మారుతుందో చివర్లో చెప్పాం.

ముందు ఈ లెక్క చూడండి

నాలుగు మాబ్‌లు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటి ట్యాంక్‌కు సెకనుకు 300 డ్యామేజీ ఇస్తుంది. మీ పార్టీ అంతా కలిసి ఒక్కోదాన్ని 15 సెకన్లలో చంపగలదు. సీసీ లేకుండా వరసగా చంపితే మొదటిది 15 సెకన్లు, రెండోది 30, మూడోది 45, నాలుగోది 60 సెకన్లు బతికి కొడుతూ ఉంటాయి. మొత్తం 150 మాబ్-సెకన్లు, అంటే ట్యాంక్ తినేది 45,000.

ఇప్పుడు చివరి రెండింటిని వాటి వంతు వచ్చేదాకా ఆపండి. మొదటిది 15, రెండోది 30, మూడోది 15, నాలుగోది 15. మొత్తం 75 మాబ్-సెకన్లు, 22,500. సగానికి సగం తగ్గింది. పుల్ (గుంపును మీ మీదకు రప్పించి పోరు మొదలుపెట్టడం) మొదటి క్షణాల్లో సెకనుకు 1,200 పడాల్సింది 600 పడుతుంది. హీలర్‌ను ముంచేది ఆ మొదటి పదిహేను సెకన్లే కాబట్టి అసలు లాభం అక్కడే ఉంది. రెండోదాన్ని కూడా ఒక ట్రాప్‌లో పెట్టగలిగితే నాలుగూ తలా 15 సెకన్లే కొడతాయి: 18,000.

అందుకే సీసీని స్పెల్ పేర్లతో కాకుండా సెకన్లతో కొలవాలి. శత్రువు చేతిలోంచి మీరు ఎన్ని సెకన్లు లాగేశారన్నదే కొలత.

ఏది సీసీ, ఏది కాదు

శత్రువుకు మూడు పనులుంటాయి: కదలడం, కొట్టడం లేదా స్పెల్ వేయడం, ఎవరి మీదకు పోవాలో ఎంచుకోవడం. వీటిలో ఏ ఒక్కటినైనా కొంతసేపు చేయనివ్వకపోతే అది సీసీ. మూడూ పోతే గట్టి సీసీ, ఒకటో రెండో పోతే పాక్షికం, పని జరుగుతూనే నెమ్మదిస్తే మెత్తని సీసీ.

స్టన్ (కాసేపు ఏమీ చేయనివ్వకపోవడం), నిద్ర, పాలిమార్ఫ్ (గొర్రెగా మార్చడం), ఫ్రీజింగ్ ట్రాప్ (గడ్డకట్టించే ఉచ్చు), బానిష్ గట్టివి. రూట్ కదలికను మాత్రమే తీసేస్తుంది. రూట్‌లో ఉన్న మంత్రగాడు నిలబడిన చోటి నుంచే ఫ్రాస్ట్‌బోల్ట్‌లు విసురుతూనే ఉంటాడు. కత్తి పట్టిన మాబ్ పక్కన మీరు నిలబడితే అది మిమ్మల్ని కొడుతూనే ఉంటుంది. అందుకే రూట్ వేశాక నాలుగడుగులు వెనక్కి వేయకపోతే వేసి లాభం లేదు. సైలెన్స్ ఇందుకు తిరగేసినది: స్పెల్స్ పోతాయి, కత్తి పోదు. కాబట్టి కాస్టర్‌కు (స్పెల్స్ వేసేవాడికి) సైలెన్స్, మెలీకి (దగ్గరికొచ్చి కొట్టేవాడికి) రూట్. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ జోడింపులోనే.

ఫియర్ గట్టిదే, కానీ డంజన్‌లో ప్రమాదం. భయపడ్డ మాబ్ నిలబడదు, పరిగెడుతుంది. పక్క గదిలోకి పోయి అక్కడున్న గుంపును వెంటబెట్టుకొస్తుంది. గోడ మూలల్లో, వెనక అంతా శుభ్రం చేసిన కారిడార్‌లో తప్ప ఫియర్ వద్దు.

స్లో సీసీ కాదనే వాదన తరచూ వినిపిస్తుంది. మా లెక్కలో అది ముమ్మాటికీ సీసీ. సగం వేగంతో నడిచే మెలీ మాబ్ మీ దగ్గరికి రావడానికి రెట్టింపు సమయం పడుతుంది, ఆ సెకన్లన్నీ అది కొట్టని సెకన్లే.

టాంట్ సంగతి వేరు. డంజన్‌లో ట్యాంక్ వేసే టాంట్ మాబ్ గురిని లాక్కుంటుంది గానీ దాని చేతిలోంచి ఒక్క సెకనూ లాగదు. దెబ్బలు అన్నే పడతాయి, పడే మనిషి మారతాడు. దాన్ని థ్రెట్ (మాబ్ కోపం ఎవరి మీద ఉందన్నది) పనిలో కలపాలి గానీ సీసీ లెక్కలో వేయకూడదు. గిల్డ్ వార్స్ 2లో మాత్రం టాంట్ ఒక కండిషన్ (శత్రువుకు అంటించే చెడు ప్రభావం). అది తగిలినవాడు బలవంతంగా మీ వైపు నడిచొస్తాడు, కాబట్టి అక్కడ నిజంగానే సీసీ.

ఇంటరప్ట్‌ను సీసీలో చేర్చాలా? వేస్తున్న స్పెల్‌ను ఆపి, ఆ రకం స్పెల్స్‌ను కొంతసేపు లాక్ చేస్తుంది కాబట్టి చేర్చాలి. లాక్ ఎంతసేపో చూడండి (మేజ్, వారియర్, రోగ్ లాంటివి ఆటగాడు ఎంచుకునే పాత్రల రకాలు): క్లాసిక్‌లో మేజ్ కౌంటర్‌స్పెల్ 10 సెకన్లు, వారియర్ షీల్డ్ బాష్ 6, రోగ్ కిక్ 5, వారియర్ పమ్మెల్ 4, షామన్ ఎర్త్ షాక్ 2. మాబ్ హీలర్ అయితే ఆ 10 సెకన్ల కౌంటర్‌స్పెల్‌ను స్టన్ కంటే విలువైనదిగా చూడాలి. స్టన్‌తో ఆపితే స్టన్ తీరగానే అదే హీల్ మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఈ విద్యకు పాత ఇల్లు 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్. అందులో ఎన్‌చాంటర్ ముఖ్యమైన పని గుంపులో అదనపు మాబ్‌లను మెస్మరైజ్ చేసి ఉంచడం. ఇప్పటికీ వాయిస్‌లో వినిపించే "మెజ్" అక్కడిదే.

మొదటి అడుగు: మీ పార్టీ దగ్గర ఏముందో రాసుకోండి

ప్రతి ఒక్కరూ తమ సీసీ గురించి నాలుగు సంగతులు చెప్పాలి: ఎంతసేపు, ఏ జాతి మీద పనిచేస్తుంది, పోరు మొదలయ్యాక మళ్లీ వేయొచ్చా, దెబ్బ తగిలితే విరుగుతుందా.

క్లాసిక్‌లో పై ర్యాంకుల లెక్క ఇది. మేజ్ పాలిమార్ఫ్ 50 సెకన్లు, మనుషుల జాతి, మృగాలు, చిన్న జీవుల మీద. పోరులో ఎన్నిసార్లయినా వేయొచ్చు. రోగ్ శాప్ (తల మీద కొట్టి స్పృహ తప్పించడం) 45 సెకన్లు, మనుషుల జాతి మీదే, అదీ స్టెల్త్‌లో (కనబడకుండా) ఉండి, ఆ మాబ్ పోరులో లేనప్పుడే. ప్రీస్ట్ షాకిల్ 50 సెకన్లు, చచ్చి లేచిన జాతి మీద మాత్రమే. డ్రూయిడ్ హైబర్నేట్ 40 సెకన్లు, మృగాలు, డ్రాగన్ జాతి. వార్‌లాక్ బానిష్ 30 సెకన్లు, దెయ్యాలు, ఎలిమెంటల్స్. హంటర్ ఫ్రీజింగ్ ట్రాప్ 20 సెకన్లు, ఏ జాతి అనే పట్టింపు పెద్దగా లేదు. కానీ పోరులో ఉండగా ట్రాప్ పెట్టలేరు. ఫెయిన్ డెత్ (చచ్చినట్టు నటించడం) వేసి పోరు నుంచి బయటపడిన ఆ క్షణంలో పెట్టాలి. ఒక్కోసారి ఫెయిన్ డెత్ రెసిస్ట్ అవుతుంది (మాబ్ మీద పనిచేయదు), అప్పుడు ట్రాప్ లేదు.

బానిష్‌కు ఒక ప్రత్యేకత ఉంది. బానిష్ అయిన మాబ్‌కు ఏ దెబ్బా తగలదు, కాబట్టి పక్కన ఎంత ఏఓఈ (ఒకేసారి చాలామందికి తగిలే దెబ్బ) పడినా విరగదు. అజాగ్రత్తగా కొట్టే పార్టీకి ఇదే భద్రమైన సీసీ.

డంజన్‌కు బయల్దేరే ముందే జాతి చూసుకోవాలి. స్ట్రాత్‌హోమ్ డంజన్‌లో చచ్చి లేచిన గుంపులే ఎక్కువ, అక్కడ ప్రీస్ట్ షాకిల్ బంగారం. రోగ్ శాప్‌కు పని దొరికేది స్కార్లెట్ మనుషులున్న వైపే.

రెండో అడుగు: చంపే వరస

ఇక్కడే ఎక్కువ పార్టీలు తడబడతాయి. వరసను "ఏది ప్రమాదకరం" అన్న ఒక్క ప్రశ్నతో నిర్ణయిస్తారు. సీసీలో లేనివాటి మధ్య అది సరైన ప్రశ్నే, ముందు హీలర్, తర్వాత కాస్టర్, ఆ తర్వాత మెలీ. సీసీలో ఉన్నవాటి మధ్య మాత్రం ప్రశ్న మారాలి: ఏ సీసీ ముందు తీరిపోతుంది, దేన్ని మళ్లీ వేయలేం?

పై లెక్కకే అన్వయించండి. ట్రాప్ 20 సెకన్లే నిలుస్తుంది, కాబట్టి ట్రాప్‌లో ఉన్నది రెండో వంతు. దాని వంతు 15వ సెకనుకే వచ్చేస్తుంది. శాప్ 45 సెకన్లు ఉంటుంది గానీ పుల్‌కు ముందే పడింది, పోరులో మళ్లీ వేయలేం. దాని వంతు 30వ సెకను, అంటే మూడోది. పాలిమార్ఫ్‌ను ఎన్నిసార్లయినా మళ్లీ వేయొచ్చు కాబట్టి అది ఎప్పుడూ చివరిది. మేజ్ పాలిమార్ఫ్ వేసే మాబ్‌ను చివరికి ఉంచుకోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి. పాలిమార్ఫ్ అయిన మాబ్ ఆరోగ్యం వేగంగా నిండిపోతుంది. సగం చచ్చిన మాబ్‌ను గొర్రెను చేస్తే అప్పటిదాకా కొట్టిన డ్యామేజీ గంగలో కలిసినట్టే. తాజాగా ఉన్నదాని మీదే వేయండి. ప్రాణాపాయం వస్తే మాత్రం ఈ నియమం పక్కన పెట్టొచ్చు.

మూడో అడుగు: గుర్తులు, పిలుపులు

పార్టీ లీడర్ పుల్‌కు ముందు మాబ్‌ల తలల మీద గుర్తులు పెట్టాలి. ఎక్కువ మంది పాటించే వాడుక: పుర్రె మొదట చంపాల్సింది, క్రాస్ రెండోది, చంద్రుడు పాలిమార్ఫ్‌కు, చతురస్రం హంటర్ ట్రాప్‌కు, నక్షత్రం శాప్‌కు. ట్రాప్‌లోదే రెండో వంతు అయితే ఆ పుల్‌లో క్రాస్ వదిలేసి, చతురస్రమే రెండోదని ముందే చెప్పండి.

వాయిస్‌లో పొట్టి మాటలు ఖాయం చేసుకోండి: పుర్రె, క్రాస్, చంద్రం, డబ్బా, చుక్క. గుర్తు ముందు, సంగతి తర్వాత. "మామా, అది లేచిందిరా, చూడు చూడు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "చంద్రం లేచింది" అంటే మేజ్ చేయి కదులుతుంది. "చుక్క అయిదు" అంటే శాప్ తీరడానికి ఐదు సెకన్లు. "డబ్బా మిస్" అంటే ట్రాప్ తప్పింది, ట్యాంక్ దాన్ని కూడా పట్టుకోవాలి. వయసులో పెద్ద అన్న లీడర్‌గా ఉన్నా పోరులో మర్యాద మాటలు కత్తిరించుకోవడానికి ముందే ఒప్పందం పెట్టుకోండి. "అన్నా, ఒక్క నిమిషం" అనేలోపు మాబ్ హీలర్ దగ్గరుంటుంది.

నాలుగో అడుగు: పుల్

శాప్ ముందు. రోగ్ వెనక నుంచి వెళ్లి శాప్ వేసి వెనక్కి వస్తాడు. ఆ తర్వాత మేజ్ దూరం నుంచి పాలిమార్ఫ్ మొదలుపెట్టాలి. దాని కాస్ట్ (స్పెల్ వేయడానికి పట్టే సమయం) 1.5 సెకన్లు. అది తగిలిన మరుక్షణం మిగతావన్నీ మేజ్ మీదకే పరిగెత్తుకొస్తాయి. మేజ్ అక్కడే నిలబడకుండా ట్యాంక్ వెనక్కి రావాలి, ట్యాంక్ దారిలో వాటిని పట్టుకోవాలి. ట్రాప్ దారి మధ్యలో కాకుండా హంటర్ పక్కగా ఉండాలి, లేకపోతే వేరే మాబ్ దానిలో పడుతుంది.

ఇక ట్యాంక్ చేయాల్సిన అతి ముఖ్యమైన పని: పోరును సీసీ అయిన మాబ్‌ల నుంచి దూరంగా లాక్కెళ్లడం. పాలడిన్ కాన్సిక్రేషన్ వ్యాసార్థం 8 గజాలు, వారియర్ వర్ల్‌విండ్ కూడా 8 గజాలు. 15 గజాల దూరం ఉంటే ఎవరు ఏ ఏఓఈ నొక్కినా గొర్రె లేవదు.

మళ్లీ వేయడం ఎప్పుడు? డీబఫ్‌లో (మాబ్ మీదున్న చెడు ప్రభావంలో) 5 సెకన్లు మిగిలినప్పుడు. 1.5 సెకన్ల కాస్ట్, దానికి పింగ్ (సర్వర్‌కు సందేశం వెళ్లొచ్చే ఆలస్యం), ఒకసారి రెసిస్ట్ అయితే రెండోసారి వేయడానికి సమయం. ఈ మూడూ కలిపితే 5 కంటే తక్కువ పెట్టుకోకూడదు. 60వ లెవెల్ ఆటగాడి స్పెల్ 62వ లెవెల్ మాబ్ మీద నూటికి 6 సార్లు తప్పుతుంది, 63 మీద 17 సార్లు. తప్పడం దురదృష్టం కాదు, ప్రణాళికలో ఉండాల్సిన అంశం.

టార్గెట్ మార్చకుండా మళ్లీ వేసే సౌకర్యం మీ వెర్షన్‌లో ఉంటే, గొర్రెను ఫోకస్‌గా (ఆట గుర్తుపెట్టుకునే రెండో టార్గెట్‌గా) పెట్టి ఫోకస్ మీదకు పాలిమార్ఫ్ వేసే మాక్రో (ఒక బటన్‌కు రాసిపెట్టే ఆదేశం) ఒకటి రాసుకోండి. పుర్రెను కొడుతూనే చంద్రాన్ని నిద్రపుచ్చొచ్చు.

ఎందుకు విరుగుతుంది

మొదటి కారణం డాట్, అంటే కొద్దికొద్దిగా పడుతూ ఉండే డ్యామేజీ. ప్రీస్ట్ షాడో వర్డ్ పెయిన్, వార్‌లాక్ కరప్షన్ లాంటివి పాలిమార్ఫ్ పడకముందే మాబ్ మీద ఉంటే తర్వాతి టిక్‌కే లేచిపోతుంది. "గొర్రె పడట్లేదు" అని మేజ్‌ను తిట్టేముందు డీబఫ్‌లు చూడండి.

రెండోది ట్యాబ్ నొక్కి టార్గెట్ మార్చే అలవాటు. పుర్రె పడగానే ట్యాబ్ నొక్కితే దగ్గరున్న మాబ్ టార్గెట్ అవుతుంది, ఆటో అటాక్ ఆన్‌లో ఉంటే అదే గొర్రె మీద పడుతుంది. మందు ఒకటే: ట్యాంక్‌ను అసిస్ట్ చేసే బటన్ పెట్టుకుని, ట్యాబ్ మానేయడం.

మూడోది పెట్, అంటే హంటర్ వెంట తిరిగే పెంపుడు మృగం. హంటర్ పెట్ అగ్రెసివ్‌లో ఉంటే తనకు నచ్చిందాన్ని కొరుకుతుంది. డంజన్‌లో పాసివ్ ఒక్కటే.

విరిగితే ఏం చేయాలి? అందరూ ఒకేసారి దాని మీద పడటం అన్నిటికంటే చెడ్డ పని. లేచిన మాబ్ మామూలుగా తనను పడుకోబెట్టినవాడి మీదకే పోతుంది. మేజ్ ట్యాంక్ వైపు నడవాలి, దూరంగా పరిగెత్తకూడదు. ట్యాంక్ టాంట్ వేసి పట్టుకోవాలి. మళ్లీ పాలిమార్ఫ్ వేసే సమయం ఉంటే వేయాలి, లేకపోతే పుర్రెనే త్వరగా ముగించాలి.

తగ్గిపోయే ఫలితం

ఎదుటి ఆటగాళ్ల మీద ఒకే కోవ సీసీని వెంటవెంటనే వేస్తే మొదటిసారి పూర్తి కాలం, రెండోసారి సగం, మూడోసారి పావు, నాలుగోసారి అసలు పనిచేయదు. 8 సెకన్లది 8, 4, 2, సున్నా. ఆఖరిది తీరాక సుమారు 15 నుంచి 20 సెకన్లు ఆగితే లెక్క మొదటికి వస్తుంది. కోవలు తెలుసుకోవాలి: క్లాసిక్‌లో శాప్, గౌజ్, పాలిమార్ఫ్ ఒకే కోవ. రోగ్ గౌజ్ వేసిన వెంటనే మేజ్ పాలిమార్ఫ్ వేస్తే అది సగమే నిలుస్తుంది. మాబ్‌ల మీద పాలిమార్ఫ్‌కు ఈ తగ్గుదల లేదు, స్టన్‌లకు మాత్రం ఉంది.

వేరే ఆటల్లో

గిల్డ్ వార్స్ 2లో పెద్ద బాస్‌ల కింద నీలం రంగు డిఫయన్స్ బార్ ఉంటుంది. అది ఉన్నంతసేపు బాస్ స్టన్ అవ్వదు, కానీ ప్రతి సీసీ ఆ బార్‌ను కొరుకుతుంది. ఒక సెకను స్టన్‌కు 100. మెత్తనివి సెకనుకు ఇంతని: ఇమ్మొబిలైజ్ (రూట్ లాంటిది) 50, స్లో 50, చిల్ 33, క్రిపుల్ 15. అంటే 2 సెకన్ల నాక్‌డౌన్ ఒక్క దెబ్బకు 200, 4 సెకన్ల ఇమ్మొబిలైజ్ కూడా మొత్తానికి 200. రెండోది నెమ్మదిగా పడుతుంది. కాబట్టి బార్ కనిపించగానే ముందు మెత్తనివి అంటించి, వెంటనే గట్టివన్నీ కలిపి దింపాలి. బార్ రాకముందే గట్టివి ఖర్చు చేసుకుంటే, వచ్చినప్పుడు అన్నీ కూల్‌డౌన్‌లో (మళ్లీ వాడే వీలు రాకుండా) ఉంటాయి. ఈ ఒక్క తప్పు సరిదిద్దుకుంటే చాలు, పార్టీ రూపమే మారిపోతుంది.

ఫైనల్ ఫాంటసీ 14లో నిద్ర స్పెల్స్ 30 సెకన్లు ఉంటాయి. కానీ ఇప్పటి డంజన్‌లలో గుంపంతా లాగి ఏఓఈతో కాల్చేయడమే వాడుక, కాబట్టి వాటి అవసరం అరుదు. అక్కడ పట్టించుకోవాల్సింది ట్యాంక్ వేసే "లో బ్లో" (5 సెకన్ల స్టన్), మెలీ వేసే లెగ్ స్వీప్ (3 సెకన్లు), ఇంటరప్ట్‌లైన ఇంటర్‌జెక్ట్, హెడ్ గ్రేజ్. కాస్ట్ బార్ ఎర్రగా మెరిస్తేనే చివరి రెండూ పనిచేస్తాయి.

ఫోన్‌లో ఆడేవాళ్లకు ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ దగ్గర. అందులో ఐస్ రష్ 5, బర్స్ట్ 10, బ్లిట్జ్ 15, బ్యారేజ్ 20 సెకన్లు కట్టేస్తాయి. కట్టు వీడాక 5 టిక్‌లు, అంటే 3 సెకన్లు, మళ్లీ కట్టలేరు. ఆ మూడు సెకన్లలో శత్రువు దూరం పెంచుకుంటాడా, మీ మీదకు వస్తాడా అన్నది ముందే ఊహించి మీ స్థానం మార్చుకోవాలి.

ఇక్కడి నుంచి ఆడేటప్పుడు

వార్‌క్రాఫ్ట్‌కు గానీ గిల్డ్ వార్స్ 2కు గానీ భారతదేశంలో సర్వర్ లేదు. యూరప్ సర్వర్‌లో ఆడితే పింగ్ 150 మిల్లీసెకన్లు దాటడం మామూలే. గట్టి సీసీకి, నిద్ర స్పెల్స్‌కు అది పెద్ద అడ్డంకి కాదు. దెబ్బ తినేది ఇంటరప్ట్. అర సెకను కాస్ట్‌ను చూసి ఆపాలంటే చూపు, చేయి, పింగ్ కలిసి ఆలస్యం అవుతాయి. కాబట్టి తక్కువ పింగ్ ఉన్నవాళ్లకు కిక్ (ఇంటరప్ట్) వంతు ముందు ఇవ్వండి, ఎక్కువ ఉన్నవాళ్లకు పాలిమార్ఫ్, షాకిల్ లాంటి నెమ్మది పనులు అప్పగించండి. రాత్రి ఇంట్లో ఎవరైనా వీడియో చూస్తుంటే వైఫైలో పింగ్ ఎగిరిపడుతుంది. రౌటర్ నుంచి కేబుల్ లాగడమే ఖాయమైన మార్గం.

ఎండాకాలం కరెంటు సంగతి మరవకండి. రౌటర్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టుకోండి. 600 వీఏ యూపీఎస్ మీద గేమింగ్ పీసీ కొద్ది నిమిషాలే నిలుస్తుంది. ఆ నిమిషాలు ఆడటానికి కాదు, "కరెంటు పోయింది, చంద్రం నీది" అని పని అప్పగించడానికి. ప్రతి గుర్తుకూ రెండో మనిషి ముందే ఖాయమై ఉండాలి, ఆ మనిషి అదే వీధిలో ఉండకూడదు. విజయవాడ పటమటలో ఉన్న మేజ్‌కు గుంటూరు బ్రాడీపేటలో ఉన్న హంటర్ బదులు నిలిస్తే ఇద్దరికీ ఒకేసారి కరెంటు పోయే అవకాశం తక్కువ. హంటర్ ట్రాప్ 20 సెకన్లే కాబట్టి, పని చేతులు మారిన క్షణం నుంచి చంద్రం చివరిది కాదు. చేతిలో ఉన్న పుర్రె పడగానే కొట్టాల్సింది దాన్నే, ఆ మార్పును లీడర్ గట్టిగా చెప్పాలి.